పునీతుల జీవితాలు: అచ్చులో కనిపిస్తున్న లాటిన్ ఎవరిది?

మీరు అడిగింది ఇది. ఒకే పునీతుడి (క్రైస్తవ సెయింట్) లాటిన్ జీవితచరిత్ర మీకు రెండు చోట్ల దొరికింది. 1570ల్లో కొలోన్‌లో అచ్చయిన, సురియుస్ అనే సన్యాసి కూర్చిన సంపుటంలో భాష నున్నగా, ప్రాచీన రోమన్ వక్త సిసెరోని బట్టీ పట్టినవాడు రాసినట్టు ఉంది. అదే కథ, వ్రాతప్రతులు పోల్చి మధ్యయుగ పాఠాల్ని అచ్చు వేసే జర్మన్ల మోనుమెంటా గ్రంథమాలలో చూస్తే విభక్తులు తప్పు, స్పెల్లింగ్ తప్పు, వాక్యం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలియడం లేదు. ఇందులో అసలుది ఏది, పాత సంపాదకులు మోసం చేశారా, థీసిస్‌లో దేన్ని ఉదహరించాలి అని.

ముందు సూటిగా చెప్పేస్తాను. సురియుస్‌లో మీరు చదివిన కథ ఏడో శతాబ్దానిదే కావచ్చు, వాక్యాలు మాత్రం చాలావరకు పదహారో శతాబ్దానివి. భాష గురించి, రచయిత చదువు గురించి మీరు ఒక్క మాట రాయాలన్నా ఆ పుస్తకం మీద ఆధారపడకూడదు. మోసం అని మాత్రం నేను అనను, ఎందుకంటే సురియుస్ ఏదీ దాచలేదు. చాలా జీవితాల శీర్షిక కిందే, శైలిని అక్కడక్కడా సరిచేశానన్న అర్థంలో ఒక ముక్క ఉంటుంది. మనం పేజీ పైభాగం వదిలేసి కింద చదువుతాం, అంతే. అలాగని మోనుమెంటాలో ఉన్నది అక్షరం అక్షరం మూలపాఠం అనుకున్నా దెబ్బతింటారు. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ఈ గోతిలో నేను కూడా పడ్డాను, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను. పీహెచ్‌డీ మొదటి ఏడాది ఒక మెరోవింజియన్ కాలపు (ఐదు నుంచి ఎనిమిదో శతాబ్దం దాకా ఫ్రాంకు రాజుల కాలం) జీవితచరిత్ర మీద ఇరవై పేజీల అధ్యాయం రాశాను. రచయిత ఎంత చక్కటి క్లాసికల్ లాటిన్ రాశాడో, ఆ కాలంలో కూడా మఠాల్లో సిసెరో చదువు ఎలా బతికి ఉందో ఉదాహరణలతో సహా లెక్కపెట్టి మరీ చూపించాను. మా గైడ్ మొత్తం చదివి ఒక్కటే అడిగారు, "ఈ టెక్స్ట్ ఎక్కడి నుంచి తీసుకున్నావు?" అని. ఆన్‌లైన్‌లో దొరికిన పాత అచ్చుపుస్తకం నుంచి. వ్రాతప్రతి తెచ్చి పక్కన పెట్టి చూస్తే నేను మెచ్చుకున్న నిర్మాణాల్లో సగానికి పైగా అందులో లేనే లేవు. ఇరవై పేజీలూ చెత్తబుట్టలోకి వెళ్లాయి. ఆ రాత్రి పట్టిన టెన్షన్ ఇంకా గుర్తుంది.

అసలు ఏం జరిగిందంటే. అచ్చు వచ్చిన కొత్తలో, 1478 ప్రాంతంలో, మిలాన్‌లో బోనినో మొంబ్రిజియో అనే ఆయన పెద్ద పునీతుల చరిత్రల సంకలనం అచ్చు వేశాడు. ఆయన స్వయంగా కవి, మానవతావాద చదువు, అంటే ప్రాచీన రోమన్ల లాటినే ఆదర్శమనే చదువు, చదివినవాడు, కానీ చేతికొచ్చిన వ్రాతప్రతిలో ఏది ఉంటే దాదాపు అదే అచ్చుకిచ్చాడు, లేఖక దోషాలతో సహా. అప్పట్లో జనం దాన్ని తప్పుల తడక అనుకుని ఉంటారు, ఈ రోజు మాకు అదే బంగారం. 1910లో సొలెమ్ మఠం వాళ్లు దాన్ని మళ్లీ అచ్చు వేశారంటే కారణం అదే. తర్వాత 1551 నుంచి బిషప్ లిప్పొమానో ఎనిమిది సంపుటాలు తెచ్చాడు. వాటి మీద కట్టిందే సురియుస్ పని. ఆయన ల్యూబెక్‌లో పుట్టాడు, కొలోన్‌లో కార్తూసియన్ సన్యాసిగా బతికి 1578లో పోయాడు. 1570 నుంచి 1575 లోపు ఆరు పెద్ద సంపుటాలు, ఒక్కో దానిలో రెండేసి నెలల పునీతులు. ఇంత పని ఐదేళ్లలో చేసినవాడు ప్రతి వాక్యం ముందూ కూర్చుని ఆలోచించి మార్చాడనుకోకండి. చేయి అలవాటు మీద నడిచిపోయింది.

ఎందుకు మార్చాడు? తెలుగువాళ్లకి ఇది చెప్పడం తేలిక. మెకంజీ దొర కోసం ఊరూరా రాయించిన కైఫీయతుల్లో తెలుగు ఎలా ఉంటుందో మీరు చూసే ఉంటారు, కరణాల భాష, తోచినట్టు స్పెల్లింగు, ఊపిరాడని వాక్యాలు. ఎవరో పండితుడు దాన్ని చూసి "విషయం బాగుంది, భాషే మోటుగా ఉంది" అని మొత్తం చిన్నయసూరి వచనంలోకి మార్చి అచ్చు వేశాడనుకోండి. విషయం పోలేదు, గౌరవం పెరిగింది అని ఆయన నిజంగానే నమ్ముతాడు. సురియుస్ కూడా అంతే. పైగా ఆయనకి రెండు వైపుల నుంచి పోటు. ఒకవైపు ప్రొటెస్టెంట్లు ఈ కథల్ని ఎగతాళి చేస్తున్నారు. ఇంకోవైపు సొంత కాథలిక్ మేధావులే సిగ్గుపడుతున్నారు. స్పెయిన్ మానవతావాది వివెస్ "బంగారు" అని పేరున్న పునీతుల కథల సంకలనం గురించి, రాసినవాడిది ఇనుప నోరు, సీసపు గుండె, దీనికి బంగారు అని పేరెందుకో అన్నాడు. డొమినికన్ మెల్చొర్ కానో, 1563లో అచ్చయిన తన పుస్తకంలో, అన్యమతస్థుడైన లయెర్తియుస్ తత్వవేత్తల జీవితాలు రాసినంత నిక్కచ్చిగా మనవాళ్లు పునీతుల జీవితాలు రాయలేదని బాధపడ్డాడు. ఇక మఠాల్లో భోజనాల వేళ ఈ చరిత్రలు పైకి చదువుతారు, వినేవాళ్లు కొత్త లాటిన్ స్కూళ్లలో చదివొచ్చిన కుర్రాళ్లు, వాళ్లు కిసుక్కుమని నవ్వకూడదు కదా.

ఇప్పుడు మార్పులు ఎలాంటివో చెబుతాను, మీ రెండు పాఠాలూ పక్కపక్కన పెట్టుకుని చూడండి.

స్పెల్లింగు. ఇది అందరూ చేశారు, పెద్ద హాని లేనిది. మధ్యయుగ లేఖకులు "మిహి" అని రాయాల్సిన చోట "మికి" అని, "నిహిల్" చోట "నికిల్" అని రాస్తారు, "ఆయ్" అనే ద్విస్వరం బదులు ఒట్టి "ఏ" పెడతారు. సంపాదకుడు అవన్నీ స్కూలు పద్ధతికి తెస్తాడు. కానీ ఆరు, ఏడు శతాబ్దాల పాఠాల్లో ఇదీ చిన్న విషయం కాదు, ఎందుకంటే "రేగిస్" అనే మాట "రిగిస్" అని కనబడితే అది చేతి తప్పు కాకపోవచ్చు, గాల్ దేశంలో (ఇప్పటి ఫ్రాన్స్ ప్రాంతం) అప్పటి ఉచ్చారణ జాడ కావచ్చు. సరిచేస్తే ఫ్రెంచ్ భాష ఎలా పుట్టిందో చెప్పే సాక్ష్యం ఒకటి తుడిచేసినట్టే.

వాక్య నిర్మాణం. "అతను వస్తున్నాడని చెప్పాడు" అనడానికి మధ్యయుగ లాటిన్‌లో మన "అని" లాగా "క్వోద్" లేదా "క్వియా" పెట్టి ఉపవాక్యం చేర్చేస్తారు. సిసెరో అలా చేయడు, కర్తని ద్వితీయలో పెట్టి క్రియని తుమున్నర్థంలో వాడతాడు. సంస్కరించే సంపాదకుడి చేయి మొదట పడేది ఇక్కడే. మీ పాఠంలో "క్వోద్" కోసం వెతకండి, వ్రాతప్రతిలో పదిసార్లు ఉండి అచ్చులో ఒకటి రెండు సార్లే ఉంటే ఇక చెప్పక్కర్లేదు. అలాగే "మరియు, మరియు" అని గొలుసుకట్టుగా వెళ్లే చిన్న వాక్యాలు కలిసిపోయి ఒక పెద్ద వాక్యం అవుతాయి.

మాటలు. ఇది సరదాగానూ ఉంటుంది, ప్రమాదంగానూ ఉంటుంది. ఆ కాలపు మానవతావాదులకి చర్చి అంటే "ఎక్లేసియా" అనడం మోటు, "తెంప్లుమ్" అనాలి, అంటే గుడి. పునీతుడు "సాంక్తుస్" కాదు, "దీవుస్". రోమన్లు ఆ మాట చనిపోయి దేవుళ్లయిన చక్రవర్తులకి వాడేవాళ్లు! దివ్యబలి పూజకి "మిస్సా" బదులు "సాక్రుమ్". గుర్రం "కబల్లుస్" అయితే "ఎక్వుస్" అయిపోతుంది. ఇవి చదివి నవ్వుకోవచ్చు. కానీ భూమి, కోర్టు, అధికారులకి సంబంధించిన మాటలు మారినప్పుడు నవ్వు రాదు. "ప్లాకితుమ్" అనేది ఫ్రాంకుల కాలంలో న్యాయవిచారణ జరిగే సభ. దాన్ని ఎవరో "కొన్వెంతుస్" అని దిద్దితే మీరు మామూలు సమావేశం అనుకుని ముందుకు పోతారు, ఒక న్యాయసభ చరిత్రలోంచి మాయమైపోతుంది.

లయ. దీని గురించి ఎవరూ చెప్పరు కాబట్టి కొంచెం ఎక్కువ చెబుతాను. మంచి మధ్యయుగ రచయిత వాక్యం చివర్లో ఊనిక (అక్షరం మీద పలికే ఒత్తు) ఒక వరసలో పడేలా రాస్తాడు, దాన్ని కుర్సుస్ అంటారు, మన వచనంలో పాదాంతం వినసొంపుగా ఉండాలని చూసుకున్నట్టే. నేను కల్పించిన ఉదాహరణ ఒకటి చూడండి: "అద్ ఎక్లేసియామ్ ప్రొపెరారెత్", అంటే చర్చికి త్వరపడి వెళ్లాడని. ఊనిక "క్లే" మీద ఒకటి, "రా" మీద ఒకటి పడుతుంది, మధ్యలో నాలుగు తేలిక అక్షరాలు. ఇది "వేలోక్స్" అనే ప్రసిద్ధమైన ముగింపు. ఇప్పుడు సంపాదకుడు "ఎక్లేసియామ్" తీసేసి "తెంప్లుమ్" పెట్టాడు. ఒక్క మాటే మారింది, ఆ లయ పోయింది. పదో, పదకొండో శతాబ్దాల్లో అంత్యప్రాసలతో రాసిన గద్యానికి ఇంకా అన్యాయం జరిగింది, ఎందుకంటే దిద్దేవాడికి ఆ ప్రాస ఒక దోషంలాగే కనిపించేది. నా అనుభవంలో నమ్మకమైన పరీక్ష ఇదే: ఒక పాఠంలో వాక్యాంతాలు సగం చోట్ల లయలో పడి సగం చోట్ల కుంటుతూ ఉంటే, కుంటిన చోటల్లా ఎవరో వేలు పెట్టారేమో అని అనుమానించండి.

బైబిల్ ప్రతిధ్వని. "ఫక్తుమ్ ఎస్త్ ఔతెమ్" అంటే "ఇలా జరిగింది" అని. లూకా సువార్తలో పదే పదే వచ్చే మాట. మఠంలో పెరిగినవాడు అది వినగానే సువార్త గుర్తుకొచ్చి పునీతుణ్ణి క్రీస్తు పక్కన నిలబెట్టి చూస్తాడు. దాని బదులు "అక్కిదిత్" అని ఒక్క ముక్క పెడితే అర్థం అదే, కానీ ఆ చూపు పోయింది. దిద్దినవాళ్లు భక్తులే, బైబిల్ తెలియనివాళ్లు కాదు, అయినా చేశారు. నాకు ఇది ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

ఒక పక్క కథ చెప్పకుండా ఉండలేను. ఈ పిచ్చి పునీతుల చరిత్రలతో ఆగలేదు. పోప్ ఎనిమిదో ఉర్బన్ స్వయంగా లాటిన్ కవి. ఆయన నలుగురు జెసూట్లని కూర్చోబెట్టి ప్రార్థన పుస్తకంలోని పాత కీర్తనల్లో చాలావాటిని క్లాసికల్ ఛందస్సుకి సరిపోయేలా దిద్దించాడు, 1629లో అవి బయటికొచ్చాయి. 952 దిద్దుబాట్లు అని లెక్క. "కొందితోర్ అల్మె సీదెరుమ్" అని జనం తరతరాలుగా పాడుకున్నది "క్రెయాతోర్ అల్మె" అయింది. "లాటిన్ వచ్చింది, భక్తి పోయింది" అనే మాట దీని మీదే పుట్టింది. బెనెడిక్టైన్లు మాత్రం పాతవే పాడుకున్నారు. రెండో వాటికన్ మహాసభ తర్వాత పాత పాఠాలు వెనక్కి వచ్చాయి.

మళ్లీ విషయానికొస్తాను. సురియుస్ పద్ధతి మీద తిరగబడ్డ మొదటి గట్టి మనిషి హెరిబెర్ట్ రోస్వైడ్, యుట్రెక్ట్‌లో పుట్టిన జెసూట్. బెల్జియం మఠాల లైబ్రరీలు తిరుగుతుంటే, అచ్చులో ఉన్నదానికీ వ్రాతప్రతిలో ఉన్నదానికీ ఇంత తేడా ఏమిటని ఆయనకి అర్థమైంది. 1607లో ఆంట్‌వెర్ప్‌లో ఒక ప్రణాళిక అచ్చు వేశాడు: అన్ని జీవితాలనీ మొదటి భాషలోనే, పద్ధెనిమిది సంపుటాల్లో. అది చూసి కార్డినల్ బెల్లర్మీన్ "ఈయన ఇంకో రెండు వందల ఏళ్లు బతుకుతాననుకుంటున్నాడా?" అన్నాడని చెబుతారు. రోస్వైడ్ 1629లో పోయాడు. పనిని జాన్ బొల్లాండ్ అందుకుని 1643లో జనవరి నెలకే రెండు బండ సంపుటాలు తెచ్చాడు. ఆ తర్వాత హెన్‌షెన్, పాపెన్‌బ్రూక్. 1940 నాటికి 68 సంపుటాలయ్యాయి, నవంబర్ నెల ఇంకా పూర్తి కాలేదు. బెల్లర్మీన్ రెండు వందల ఏళ్లని తక్కువే అంచనా వేశాడు.

బొల్లాండ్ వాళ్లని బొల్లాండిస్టులంటారు. వాళ్లు మోటు లాటిన్‌ని చాలావరకు అలాగే ఉంచి, అర్థం కాని మాటకి కింద టీక రాస్తారు. సురియుస్‌కీ వీళ్లకీ పద్ధతిలోనే తేడా ఉంది: ఆయన పాఠాన్ని దిద్దాడు, వీళ్లు పాఠం పక్కన వివరణ పెట్టారు. కానీ పూర్తిగా చేయి పెట్టలేదని కాదు. స్పెల్లింగు సరిచేస్తారు. పాఠాన్ని అధ్యాయాలుగా, నంబర్లు వేసిన పేరాలుగా విడగొడతారు, ఆ నంబర్లు వ్రాతప్రతిలో ఉండవు. మరీ నమ్మలేని కథ అనిపిస్తే వదిలేస్తారు. పునీత బ్రెండన్ సముద్రయానం కథ యూరప్ అంతా చదివింది, వీళ్లు మాత్రం ఆ పునీతుడి రోజైన మే 16 దగ్గర దాన్ని పిచ్చి కల్పన అని పక్కన పెట్టేశారు. అదే కాలంలో లూవాన్‌లో ఐరిష్ ఫ్రాన్సిస్కన్ జాన్ కోల్గన్ 1647లో పాట్రిక్ జీవితాల్ని అచ్చు వేస్తూ, ఐరిష్, లాటిన్ కలగలిపి ఉన్న ఒక జీవితాన్ని మొత్తం లాటిన్‌లోకి మార్చి ఇచ్చాడు. ఆ లాటిన్‌ని చూసి మధ్యయుగ ఐర్లండ్ లాటిన్ ఇలా ఉండేదని రాసేస్తే నా ఇరవై పేజీల గతే పడుతుంది.

తప్పంతా పదహారో శతాబ్దానిది అని కూడా అనుకోకండి. దిద్దడం మధ్యయుగంలోనే మొదలైంది. షార్లెమేన్ చక్రవర్తి కాలంలో ఆయన ఆస్థాన పండితుడు అల్‌క్విన్ పునీత రిషారియుస్ జీవితాన్నీ, యోనాస్ రాసిన పునీత వెదాస్తుస్ జీవితాన్నీ తిరగరాశాడు, అడిగినవాళ్లు ఆయా మఠాల అధిపతులే, పాత భాష మరీ సాదాగా ఉందని. గ్రీకులో పదో శతాబ్దపు సిమెయోన్ మెటాఫ్రాస్తేస్‌కి ఆ పేరే తిరగరాసినందుకు వచ్చింది. లిప్పొమానో, సురియుస్ వేసిన తూర్పు పునీతుల జీవితాల్లో చాలా భాగం ఈయన తిరగరాసినవాటికి లాటిన్ అనువాదాలు. అంటే ఒక్కోసారి మీ చేతిలో ఉన్నది నాలుగో చేయి.

ఇక మోనుమెంటా సంగతి. మెరోవింజియన్ జీవితాల్ని అక్కడ ప్రధానంగా పరిష్కరించింది బ్రూనో క్రూష్, తర్వాత లెవిసన్ తోడయ్యాడు, 1885 నుంచి 1920 వరకు ఏడు సంపుటాలు. క్రూష్ పని చూస్తే దణ్ణం పెట్టాలనిపిస్తుంది, కానీ ఆయనకీ ఒక బలహీనత ఉంది: ఎంత మోటుగా ఉంటే అంత పాతది అని మొగ్గు. ఆరో శతాబ్దపు బిషప్, చరిత్రకారుడు తూర్ గ్రెగరీని తీసుకోండి. ఆయనే ఒక పీఠికలో, పుంలింగం చోట స్త్రీలింగం, స్త్రీలింగం చోట నపుంసకం పెడతాననీ, ద్వితీయా పంచమీ విభక్తులు తారుమారు చేస్తాననీ పండితులు నన్ను తిడతారని రాసుకున్నాడు. కాబట్టి ఆయన భాష సిసెరో భాష కాదు, సరే. కానీ పాత ప్రతుల్లో కనిపించే ప్రతి వింత స్పెల్లింగూ 594లో పోయిన గ్రెగరీదేనా, తర్వాతి వందేళ్ల లేఖకులదా? తేల్చడం కష్టం. పారిస్ పునీతురాలు జెనెవీవ్ జీవితం విషయంలో అయితే క్రూష్ అది కరోలింజియన్ (షార్లెమేన్ వంశం) కాలపు కూటరచన అని కొట్టిపారేశాడు, తర్వాతి పండితులు దాన్ని మళ్లీ ఆరో శతాబ్దం మొదటికి తీసుకెళ్లారు. కాబట్టి ఆయన పాఠం తీసుకోండి, కింద ఉన్న పాఠాంతరాలు కూడా చదవండి. విసుగ్గా ఉంటుంది, తప్పదు.

మీ థీసిస్‌కి పనికొచ్చే రెండు మూడు మాటలు. ముందు బొల్లాండిస్టుల సూచిక చూడండి, మేం బీహెచ్‌ఎల్ అంటాం, 1898లో మొదలుపెట్టి 1901కి ముగించారు. ప్రతి జీవితానికీ ఒక నంబరు, అది ఎక్కడెక్కడ అచ్చయిందో వివరం. ఒకే పునీతుడికి ఐదారు జీవితాలు ఉండొచ్చు, మీ రెండు పుస్తకాల్లోవి అసలు ఒకే రచనేనా అన్నది ముందు తేల్చుకోవాలి, లేకపోతే పోలికే తప్పు.

పంతొమ్మిదో శతాబ్దంలో మీన్యె అనే ఫ్రెంచ్ మతగురువు వేసిన లాటిన్ గ్రంథమాలతో జాగ్రత్త. 221 సంపుటాలు, ఆన్‌లైన్‌లో వెతకడానికి సుఖంగా ఉంటుంది కాబట్టి అందరూ దాన్నే వాడతారు. కానీ ఆయన పాత అచ్చుపుస్తకాల్నే తిరిగి అచ్చు వేశాడు, కాబట్టి అందులో ఉన్నది సురియుస్ దిద్దిన పాఠం కావచ్చు, పదిహేడో శతాబ్దపు బెనెడిక్టైన్ పండితుడు మబియ్యోన్ వ్రాతప్రతి చూసి ఇచ్చిన పాఠమూ కావచ్చు. శీర్షిక దగ్గర ఎక్కడి నుంచి తీసుకున్నాడో ఉంటుంది, అది చూడకుండా కాపీ చేయకండి. బొల్లాండిస్టుల సంపుటాలకి కూడా ఆంట్‌వెర్ప్, వెనిస్, పారిస్ అచ్చులు వేరు, పేజీ నంబర్లు కలవవు, ఏ అచ్చో రాయండి.

మరి సురియుస్‌ని పారేయాలా? వద్దు. ఆయన చూసిన వ్రాతప్రతులు అన్నీ మనకి మిగల్లేదు, కాబట్టి కథలో ఒక సంఘటనో, ఒక ఊరి పేరో ఆయన దగ్గరే ఉండి ఇంకెక్కడా లేకపోతే దాన్ని లెక్కలోకి తీసుకోవాల్సిందే. పేర్లు, తేదీలు, సంఘటనల వరస, వీటికి ఆయన సాక్ష్యం కొంత పనికొస్తుంది. వాక్యాలకి పనికిరాదు. ఇంకో ఉపయోగం కూడా ఉంది, 1570ల్లో కొలోన్‌లో ఒక కాథలిక్ సన్యాసికి పునీతుడు ఎలా మాట్లాడితే బాగుంటుందనిపించిందో తెలుసుకోవాలంటే అంతకన్నా మంచి ఆధారం లేదు. మీ రెండు పాఠాల మధ్య తేడాల పట్టిక వేస్తే అదే ఒక అధ్యాయం అవుతుంది, నిజం చెప్పాలంటే నా రెండో ప్రయత్నం అదే.

మీ పునీతుడెవరో, బీహెచ్‌ఎల్ నంబరు ఎంతో రాయలేదు మీరు. అది చెబితే ఆ పాఠానికి వ్రాతప్రతులు ఎక్కడున్నాయో, స్కాన్లు దొరుకుతాయో లేదో చూసి చెబుతాను.